రైఫిల్ కింద పెట్టినవాడు మా బావ

పోస్టుకి చేరింది నవంబరు మొదటి వారంలో. ట్రక్కు మమ్మల్ని కంపెనీ బేసు దగ్గర దింపేసింది. అక్కణ్ణుంచి నడకే. వీపు మీద పాతిక కిలోల బరువు, భుజాన రైఫిలు, నడుముకి తాడు. ముందు నాలా దాటాలి. నాలా అంటే రెండు కొండల మధ్య వాగు. పైన మంచు గడ్డ కట్టి ఉంటుంది, కింద నీళ్లు పారుతూనే ఉంటాయి. నాలా దాటాక నిలువుగా ఒక మంచు వాలు. దాని పైన గట్టు మీద మా పోస్టు. రాళ్లూ రేకులూ ఇసుక బస్తాలతో కట్టిన రెండు బంకర్లు, ఒక మెషిన్‌గన్, ఒక వైర్‌లెస్ సెట్టు, కిరసనాయిలు డబ్బాలు. మనుషులం పదిమంది. నేను హవల్దారుని, ఆ పోస్టుకి కమాండర్ని.

ఆ కొండ ఎక్కడుందని అడక్కండి, చెప్పను. అక్కడ ఏం జరిగిందో చెబుతాను. ఇప్పుడు నేను విజయనగరంలో ఒక కాలేజీ గేటు దగ్గర సెక్యూరిటీ పని చేస్తున్నాను. కుర్రాళ్లు బళ్లు ఆపి మరీ అడుగుతుంటారు, "అంకుల్, మిలట్రీలో మాటినకపోతే కాల్సేస్తారంట గదా?" అని. సినిమాలు చూసి చెడిపోయారు వెధవలు. కాల్చం నాయనా. కొట్టం కూడా. పైవాడు చెయ్యెత్తాడంటే వాడికి ఆర్డర్ ఇవ్వడం రాదని అర్థం.

పోస్టు అప్పజెప్పి దిగిపోతున్న హవల్దారు నాతో ఒకే సంగతి రెండుసార్లు చెప్పాడు. కొత్త మంచు పడ్డాక కంపెనీ నుంచి అనుమతి వచ్చేదాకా ఆ వాలు మీద ఎవడూ కాలు పెట్టకూడదు. పైన పేరుకున్న మంచు ఎప్పుడు జారుతుందో ఎవరికీ తెలీదు. జారితే శవం వేసవిలోనే దొరుకుతుంది. ఆ సాయంత్రమే అందరినీ నిలబెట్టి ఆ ఆర్డర్ చదివాను.

ఆ పదిమందిలో ఒక సిపాయి ఎర్రయ్య. నా చెల్లెలు నూకరత్నం మొగుడు. మాదీ వాళ్లదీ భోగాపురం అవతల సముద్రపు ఒడ్డు. వేట మీద బతికిన ఇళ్లు. మాలో మేం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఏ పోస్టుకి ఎవరెవరని మనుషుల్ని పంచేటప్పుడు సుబేదారు దగ్గరికి వెళ్లి అతన్ని ఇంకో పోస్టులో వెయ్యమని బతిమాలాను. "మనుషులెక్కడున్నారయ్యా?" అని కసిరాడు.

ఎందుకు బతిమాలానంటే, ఇంట్లో లెక్క వేరు. అతను మా గుమ్మంలోకి వస్తే కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చేది నేను. అతను అలిగితే మా ఇంటిల్లిపాదీ బతిమాలాలి. పోస్టులో నేను చెబితే అతను చెయ్యాలి. కొండ ఎక్కే ముందు బేసులో పక్కకి పిలిచి చెప్పాను.

"బావా, ఈ కొండ దిగీదాకా నువ్వు నాకు బావవి కావు, నాను నీకు బావని కాను. అందరిలాగే ఉస్తాద్ అనాల. తెలిసిందా?"

"అలాగే బావా" అన్నాడు.

ఏమనాలి ఆ మనిషిని?

మొదటి వారంలోనే మొదలైంది. పొద్దున్నే బంకర్ నోట్లో మంచు ఎత్తిపొయ్యాలి. పార అందించి తియ్యమన్నాను. "ఉండు బావా, సలి సంపేస్తన్నాది" అని ఆవులించాడు. పక్కనున్న గన్నరు కిసుక్కుమన్నాడు. మెషిన్‌గన్ చూసుకునే ఆ గన్నరు టెక్కలి వైపు రైతుబిడ్డ, నోరు ఊరుకోదు. "ఉస్తాద్, అల్లుడుగారికి కాల్లకి నీల్లిచ్చినారా?" అన్నాడు.

అప్పుడు నేనేమీ అనలేదు. కింద పనిచేసేవాణ్ణి పదిమంది ముందు దులిపితే వాడికి పంతం వస్తుంది, చూసేవాళ్లకి వినోదం. మధ్యాహ్నం కిరసనాయిలు డబ్బాల దగ్గరికి అతన్నొక్కణ్ణే తీసుకెళ్లాను. "నువ్వు పదిమందిలో బావా అని ఆవులిస్తే, రేపు ఈలందరూ ఆవులిస్తారు. ఈ వారం డబ్బాలన్నీ నువ్వే మొయ్యి" అన్నాను. మూతి ముడుచుకుని మోశాడు, ఆ తర్వాత నుంచి పదిమందిలో ఉస్తాద్ అన్నాడు. ఎదురు తిరగడం అరుపులతో మొదలవదు, ఇలాంటి ఆవులింతలతోనే మొదలవుతుంది. అక్కడే పట్టుకోవాలి.

డిసెంబరులో గన్నరు భార్య టెక్కలిలో ప్రసవించింది. ఆడపిల్ల. కబురు వైర్‌లెస్‌లో వచ్చింది. బేసులో శాటిలైట్ ఫోను ఉంది, ఒక్కసారి వెళ్లి గొంతు విని వస్తానన్నాడు. అంతకుముందే రెండు రోజులు మంచు పడింది. కంపెనీ వద్దంది, నేనూ వద్దన్నాను. "నాను దిగీగల్ను ఉస్తాద్, గంటలో వచ్చీస్తాను" అని బతిమాలాడు. వద్దంటే వద్దన్నాను. గోడ వైపు తిరిగి ఏడ్చాడు. వేళకి లేచి డ్యూటీకి వెళ్లాడు. అన్నాళ్లు వాగిన నోరు మూతపడింది. నా మాట మీద ఆగాడు గానీ, నన్ను క్షమించలేదు.

జనవరిలో ఒక పొద్దున వైర్‌లెస్ ఆపరేటరు హెడ్‌సెట్ నా చేతికిచ్చి తను బయటికి వెళ్లిపోయాడు. తమిళ కుర్రాడు, మంచివాడు. అప్పుడే అర్థమైంది, మంచి కబురు కాదని.

"సిపాయి ఎర్రయ్య తండ్రి చనిపోయారు. దహనం అయిపోయింది. తమ్ముడు నిప్పు పెట్టాడు. దారి మూసి ఉంది, హెలికాప్టర్ రాదు. మనిషికి చెప్పండి. ఓవర్."

ఆ ముసలాయన నన్నూ అల్లుడా అనేవాడు. పడవ ఒడ్డుకి లాగుతుంటే పాట ఆయనే అందుకునేవాడు. ఎర్రయ్య కాపలా దిగి వస్తున్నాడు. భుజం పట్టుకుని రాతిగోడ పక్కకి తీసుకెళ్లాను.

"బావా, మీ బాబు పోనాడు."

నా నియమం నేనే తప్పాను. అలాంటి మాట ఒక హవల్దారు ఒక సిపాయికి ఎలా చెబుతాడు? చెప్పలేం. అతను ఏడవలేదు. ఏ రోజు పోయాడని అడిగి, వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి మైల పట్టాడు. కటిక నేల మీద పడుకుంటానన్నాడు. కింద ఫోమ్ షీటు వెయ్యాల్సిందేనన్నాను, ఒప్పుకున్నాడు. ఒంటిపూట తింటానన్నాడు. ఆ ఎత్తులో ఒంటిపూట తింటే మనిషి నిలబడలేడు. అన్నం మానేస్తే మానెయ్, సూపు తాగమన్నాను. అదీ ఒప్పుకున్నాడు. డ్యూటీ ఒక్కటీ తప్పలేదు. కానీ ఉస్తాద్ అనడం పూర్తిగా మానేశాడు. నేనూ పట్టించుకోలేదు.

మా ఒడ్డు పద్ధతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. తండ్రి పోతే పదోనాడు కొడుకు గుండు చేయించుకుని సముద్రంలో మునగాలి. ఎదురొచ్చే అలకి తల ఒగ్గాలి. సముద్రం లేనిచోట పారే నీళ్లయినా కావాలి, నిలవ నీళ్లు పనికిరావు. నీటిదాకా అతణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించేవాడు భార్య అన్న. మునిగి లేచాక కొత్తబట్టలు పెట్టేవాడూ అతనే. ఆ బట్టలు ఒంటిమీద పడితేనే మైల తీరినట్టు, మళ్లీ మనుషుల్లో కలిసినట్టు.

ఆ నీళ్లు మాకు ఎక్కడున్నాయి? నాలాలో ఉన్నాయి. వాలు కింద.

తొమ్మిదోనాడు నాలాకి దిగడానికి కంపెనీని అడిగాను. మూడు రోజులుగా మంచు పడుతోంది, కుదరదు అన్నారు. ఎర్రయ్యకి ఆ మాట చెప్పాను. విని కాపలాకి వెళ్లిపోయాడు. ఒప్పుకున్నాడనుకున్నాను.

పదోనాడు ఎండ కాసింది. పాదరసం సున్నాకి పద్దెనిమిది డిగ్రీల కింద ఉంది. బంకర్లోంచి బయటికి వచ్చేసరికి ఎర్రయ్య వాలు వైపు ముళ్లకంచె సందు దగ్గర నిలబడి ఉన్నాడు. భుజాన రైఫిలు, చేతిలో మగ్గు, మెడలో తువ్వాలు. నన్ను చూసి చెయ్యి చాచాడు.

"రా బావా, ఎల్దాం."

"కంపెనీ వద్దంది. నిన్ననే సెప్పాను గదా."

"కంపెనీ వద్దంది. నువ్వేటంతావు?"

"నానూ వద్దంతన్నాను."

"నువ్వా?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "సెయ్యి పట్టుకుని తీసుకెల్లాల్సినోడివి. నువ్వే అడ్డు నిల్సుంటావేటి?"

అక్కడే ఉంది చిక్కంతా. అతనికి ఎదురుగా నిలబడింది హవల్దారు కాదు, బావమరిది. హవల్దారు ఆపితే ఆర్డర్ అనుకుని ఆగేవాడేమో. బావమరిది ఆపితే అది అతని తండ్రికి అవమానం. అప్పటికి అందరూ బయటికి వచ్చారు. నేను ఆర్డర్ ఎప్పుడూ ఒకసారే ఇస్తాను. రెండోసారి ఇస్తే అది బతిమాలడం అవుతుంది.

"సిపాయి ఎర్రయ్యా, లోపలికి వెళ్లు. ఇది ఆర్డర్."

అతను భుజం మీది రైఫిల్ తీశాడు. మంచు మీద నా బూట్ల ముందు పెట్టాడు.

"ఇదిగో, నీకు గావాల్సింది ఇదే గదా. ఉంచుకో. నాను మా బాబు కొడుకుని. నీటికి ఎల్తాను."

సందుకి అడ్డంగా నిలబడ్డాను. రొమ్ముకి రొమ్ము తగిలింది. నెట్టేస్తాడనుకున్నాను. నెట్టలేదు. అక్కడే మంచులో చతికిలబడ్డాడు.

సరిహద్దు పోస్టులో ఆయుధం కింద పెట్టడమంటే ఏమిటో మీకు తెలీకపోవచ్చు. మాకు తెలుసు. జైలు. ఆపైన ఉద్యోగం ఊడిపోతుంది. అక్కడ మంచులో కూర్చున్నది మా చెల్లెలి బతుకు. ఇద్దరు పిల్లలు దానికి. రిపోర్టు చేస్తే దాని ఇంట్లో పొయ్యి నేనే ఆర్పినట్టు. చెయ్యకపోతే? గన్నరు నన్నే చూస్తున్నాడు. కూతురి ఏడుపు ఫోనులో వింటానంటే వద్దన్నాను వాణ్ణి. ఇప్పుడు నా చుట్టం తుపాకీ పారేస్తే కళ్లు మూసుకుంటే, ఇక ఆ వాలు మీదికి ఎవణ్ణి ఆపగలను? రేపు ఇంకెవడో నా మాట పెడచెవిన పెట్టి దిగుతాడు. వాణ్ణి వేసవిలో తవ్వి తియ్యాలి.

ఆపరేటరు మెల్లగా అడిగాడు, "ఉస్తాద్, సెట్టు ఆన్ చెయ్యాలా?"

"చెయ్యి. బయటికి తీసుకురా" అన్నాను.

అందరూ వింటుండగా చెప్పాను. సిపాయి ఎర్రయ్య ఆర్డర్ వినలేదు, ఆయుధం కింద పెట్టాడు. అటువైపు కంపెనీ కమాండర్.

"హవల్దార్, అతను మీ చుట్టం కదా? ఓవర్."

"చెల్లెలి భర్త సార్. ఓవర్."

"అరెస్టులో పెడతారా? ఓవర్."

"ఒకణ్ణి కట్టేస్తే కాపలాకి ఇంకొకడు కావాలి సార్. ఎనిమిది మందితో పోస్టు నడవదు. సాయంత్రం దాకా నాకు వదిలెయ్యండి. ఓవర్."

"సాయంత్రం మోర్చాలో నిలబడే వేళ దాకా. ఓవర్ అండ్ ఔట్." పొద్దుగూకే వేళ అందరం ఆయుధాలతో ఇసుక బస్తాల వెనక కాపలా నిలబడాలి, ఆ చోటే మోర్చా.

గన్నరు నా వైపు చూడకుండా, "నా డ్యూటీ వేల అయినాది ఉస్తాద్" అని మెషిన్‌గన్ దగ్గరికి వెళ్లిపోయాడు. నేను వంగి రైఫిల్ మేగజైన్ తీసి జేబులో వేసుకున్నాను. రైఫిల్ అక్కడే వదిలేశాను. "ఎవరూ ముట్టుకోవద్దు. పెట్టినవాడే తీస్తాడు" అన్నాను.

వంటవాడి దగ్గరికి వెళ్లి మంచు కరిగించమన్నాను. ఎన్ని గిన్నెలుంటే అన్ని.

"కిరసనాయిలు, ఉస్తాద్?" అన్నాడు. మాకు అది కొలిచి వాడే సరుకు.

"నా వాటా వాడు. రేపటి నుంచి నాకు వేడి టీ వద్దులే."

వచ్చి ఎర్రయ్య పక్కన కూర్చున్నాను.

"రిపోర్టు అయిపోనాది బావా. ఆ పని అయిపోనాది. అదింక నువ్వూ నానూ మార్సలేం. పారే నీల్లే గదా నీకు గావాల్సింది. పారిద్దాం. లే."

నేను చెయ్యి చాచి కూర్చున్నాను. చివరికి పట్టుకున్నాడు.

వంటవాడే గుండు చేశాడు. బీదర్ వైపు మనిషి, సముద్రం ఎన్నడూ చూడలేదు. నీళ్లు కాగుతుంటే గిన్నెలో దోసెడు ఉప్పు వేశాడు. ఎందుకురా అంటే, "మీ సముద్రం ఉప్పగా ఉంటుందంటారు కదా" అన్నాడు.

గాలి తగలని వైపు, బంకర్ కప్పు మీంచి వానకోటు షీటు ఏటవాలుగా దించి ఇద్దరు అంచులు పట్టుకున్నారు. నేను కప్పు ఎక్కాను. గిన్నె తర్వాత గిన్నె అందిస్తుంటే ఆపకుండా పోశాను. షీటు మీద నీళ్లు కాలవలాగా పారాయి. కింద ఎర్రయ్య అలకి తల ఒగ్గినట్టు వంగి నిలబడ్డాడు. నర్సింగ్ అసిస్టెంటు పక్కనే స్లీపింగ్ బ్యాగు పట్టుకుని, "చాలు ఉస్తాద్, చాలు" అంటూనే ఉన్నాడు. గుండు మీంచి ఆవిర్లు లేచాయి.

కిందికి దూకాను. పెట్టడానికి పంచె లేదు, కండువా లేదు. నా కిట్లో ఇంకా కవరు విప్పని థర్మల్ జత ఉంది. వేళ్లు పనిచెయ్యక కవరు పళ్లతో చింపాను. చొక్కా నేనే అతని తలమీంచి తొడిగాను. అప్పుడు ఏడ్చాడు. బాబో, బాబో అని కొండ మారుమోగేలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచేదేముంది.

పొయ్యి దగ్గర కూర్చోబెట్టి సూపు తాగించాం. ఒళ్లు వెచ్చబడ్డాక అతనే లేచి బూట్లు వేసుకుని బయటికి నడిచాడు. రైఫిల్ తీసి మంచు దులిపి, గుడ్డతో తుడిచాడు. నా ముందు నిలబడి చెయ్యి చాచాడు.

"మేగజైన్, ఉస్తాద్."

సాయంత్రం మోర్చాలో అందరితో పాటు నిలబడ్డాడు. కంపెనీ కమాండర్ మళ్లీ లైన్లోకి వచ్చాడు. సిపాయి డ్యూటీకి వచ్చాడని చెప్పాను.

"పొద్దుటి సంగతి నేనింకా పైకి పంపలేదు. పంపమంటారా? ఓవర్."

దయగల మనిషి. తప్పించుకోమని తలుపు తీసి పట్టుకున్నాడు. ఎర్రయ్య వింటున్నాడు. గన్నరూ వింటున్నాడు. నోటి చివరిదాకా వచ్చింది, వద్దు సార్ అని.

"పంపండి సార్. సాయంత్రం తనంతట తానే ఆయుధం అందుకున్నాడని కూడా పంపండి. ఓవర్."

ఆ వాలు ఆ రోజు జారలేదు. మర్నాడూ జారలేదు. ఆ శీతాకాలమంతా చెక్కు చెదరకుండా అలాగే ఉంది. జారుంటే నా పని సులువయ్యేది, చూశావా అని వేలు చూపించేవాణ్ణి. అది ఎండలో మెరుస్తూ నన్ను వెక్కిరించింది. అయినా చెబుతున్నాను, ఆ ఆర్డర్ సరైనదే. మంచు జారాక ఎవడైనా చెప్పగలడు. ఆర్డర్ ముందు ఇవ్వాలి.

ఏప్రిల్లో దారి తెరిచారు. ఎర్రయ్యని కమాండింగ్ అధికారి ముందు నిలబెట్టారు. సాక్షిని నేనే. రైఫిల్ సంగతి చెప్పాను, ఉప్పునీళ్ల సంగతీ చెప్పాను. ఉద్యోగం నిలబడింది. కొన్నాళ్లు పటాలంలోనే నిర్బంధంలో పెట్టారు. రావలసిన నాయక్ ప్రమోషన్ పోయింది. తీర్పు విని బయటికి వస్తూ నా పక్కన ఒక్క క్షణం ఆగాడు. "మీ సెల్లికి నువ్వే సెప్పు. నాను సెప్పలేను" అన్నాడు.

మే నెలలో సెలవు మీద వచ్చాను. విజయనగరంలో బస్సు పట్టుకుని భోగాపురం దిగాను. ఎయిర్‌పోర్టు పనుల ఎర్రదుమ్ము మొహాన కొట్టింది. అక్కణ్ణుంచి ఆటోలో ఒడ్డుకి. నేరుగా చెల్లెలి ఇంటికే వెళ్లాను. జరిగిందంతా చెప్పాను. వల విప్పుకుంటూ తల ఎత్తకుండా విన్నది.

"ఆ మంచు కూల్లేదు గదా అన్నా?"

"కూల్లేదు."

"మరి?"

"కూల్దని ఆ పొద్దున నాకెవులు సెప్పినారే?"

"పైకి సెప్పకుంటే నీ సొమ్మేటి పోనాది? సొంత బావని పట్టిచ్చీసినావు" అంది. అన్నం పెట్టింది. తినేంతసేపూ ఎదురుగా కూర్చుంది గానీ పలకలేదు. ఏడాది దాకా పలకలేదు. ఎర్రయ్యే నచ్చజెప్పాడు చివరికి. "ఊరుకోయే. ఆ దినం నాకు బట్టలు పెట్టినోడెవుడు?" అన్నాడట. ఇప్పుడు మాట్లాడుతుంది. ఆ కొండ మాట మాత్రం మా మధ్య ఎవరూ ఎత్తరు.

ఇవన్నీ ఒక ఎత్తు. రోజూ కాలేజీ గేటు దగ్గర నిలబడినప్పుడు నా కళ్లలో కదిలేది ఇంకొకటి. కప్పు మీద నిలబడి ఆఖరి గిన్నె వంచేసి తలెత్తాను. షీటు పట్టుకున్నవాళ్లు, గిన్నెలందించినవాళ్లు, ఆపరేటరు, వంటవాడు, అందరూ టోపీలు తీసేశారు. ఆ చలిలో బయట తల చూపించకూడదని నా ఆర్డర్. పది నిమిషాల్లో చెవులు నల్లబడి ఊడిపోతాయి. టోపీలు పెట్టండ్రా అని అరవబోయాను. అప్పుడు మెషిన్‌గన్ వైపు చూశాను. గన్నరు మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు, చూపు ఎదురుకొండ మీంచి తిప్పలేదు. ఒక చెయ్యి గన్ మీద ఉంది. రెండో చేతిలో టోపీ ఉంది. గాలికి వాడి జుట్టు ఎగురుతోంది.